చిన్న ఇంజన్ ఆయిల్ సర్వీసింగ్: ముందు మట్టం, తర్వాత గంటలు, ఆ తర్వాతే బ్రాండు

క్లుప్తంగా: జనరేటర్లు, నీటి పంపులు, గడ్డి కోత యంత్రాలను నడిపే ఒంటి సిలిండర్ ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ పంపు ఉండదు, ఆయిల్ ఫిల్టరూ ఉండదు. అందుకే వాటి ఆయుష్షు రెండింటి మీద నిలబడుతుంది: సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, మట్టం సరిగా ఉండటం, గంటల లెక్కన ఆయిల్ మార్చడం. ఏ కంపెనీ ఆయిల్ అన్నది ఆ తర్వాతి ప్రశ్న. మట్టం తగ్గితే ఎంత ప్రమాదమో, పోయకుండానే పెరిగితే అంత అనుమానించాలి.

చిన్న ఇంజన్ కొన్నవారికి ఆయిల్ విషయంలో మూడు వైపుల నుంచి మూడు మాటలు వినిపిస్తాయి. ఇంజన్‌తో వచ్చిన పుస్తకం మొదటి 20 గంటలకే ఆయిల్ తీసేయమంటుంది. ఆయిల్ డబ్బా మీద వేల కిలోమీటర్ల హామీ ఉంటుంది. మెకానిక్ ఆ రెంటినీ పక్కనపెట్టి ‘నలభై నంబరు పోయండి, చిక్కగా ఉంటుంది’ అంటాడు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అవి ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవో తెలియాలంటే ముందు ఈ ఇంజన్ లోపల ఆయిల్ ఎలా తిరుగుతుందో చూడాలి.

ఆయిల్‌ను చిమ్మే చెంచా

షాఫ్ట్ అడ్డంగా ఉండే నాలుగు స్ట్రోకుల ఒంటి సిలిండర్ ఇంజన్‌లో, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది కొసకు చెంచాలాంటి చిన్న కొమ్ము ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ అది సంప్‌లోని ఆయిల్‌లో మునిగి, లేస్తూ ఆయిల్‌ను పైకి చిమ్ముతుంది. ఆ తుంపరే సిలిండర్ గోడకు, పిస్టన్ పిన్నుకు, క్యామ్‌కు, బేరింగులకు చేరుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. షాఫ్ట్ నిలువుగా ఉండే గడ్డి కోత యంత్రాల్లో రాడ్ ఆయిల్‌లో మునగదు కనుక, క్యామ్ గేరుతో తిరిగే రెక్కల చక్రం ఈ పని చేస్తుంది. మోటారు సైకిళ్లలోనూ, రెండు సిలిండర్ల చిన్న ఇంజన్లలో ఎక్కువగానూ పంపు ఉంటుంది.

పంపు ఉన్నా లేకపోయినా బేరింగ్‌ను కాపాడేది పంపు ఒత్తిడి కాదు. తిరిగే షాఫ్ట్ తనకు అంటుకున్న ఆయిల్‌ను క్రమంగా సన్నబడే సందులోకి లాక్కుపోతుంది. అక్కడ పుట్టే ఒత్తిడే షాఫ్ట్‌ను ఎదుటి లోహానికి తగలకుండా ఎత్తిపెడుతుంది. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. పంపు గానీ చెంచా గానీ చేసేది ఆ సందు దగ్గరికి ఆయిల్ అందించడం వరకే. పొర ఇంత పలుచన కాబట్టే, ఆయిల్ అందడం క్షణకాలం ఆగినా ప్రమాదమే; పొర మందంతో సమానమైన రేణువు అందులోకి చొరబడినా అరుగుదలే.

మట్టం తగ్గితే జరిగేది నెమ్మదిగా అరగడం కాదు. చెంచా ఆయిల్‌ను అందుకోలేని మట్టానికి చేరాక తుంపర దాదాపు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఈ తరగతి ఇంజన్లలో చాలావాటికి కనెక్టింగ్ రాడ్ అల్యూమినియంది. కార్లలోలాగా విడిగా బేరింగ్ షెల్ ఉండదు. రాడ్ లోహమే క్రాంక్ పిన్ను (క్రాంక్‌షాఫ్ట్‌లో రాడ్ పట్టుకునే భాగం) మీద నేరుగా తిరుగుతుంది. పొర తెగితే అల్యూమినియం పిన్నుకు అతుక్కుంటుంది, రాడ్ విరుగుతుంది, విరిగిన ముక్క తరచూ క్రాంక్‌కేసును (ఇంజన్ కింది భాగపు పెట్టెను) పగలగొట్టుకుని బయటికి వస్తుంది. వాలు నేల మీద యంత్రాన్ని నడిపినా ఇదే ముప్పు. ఆయిల్ ఉన్నా ఒక పక్కకు చేరి చెంచాకు అందదు. వాలు ఎంతవరకు పనికొస్తుందో తయారీదారులు పుస్తకంలో చెప్పేది అందుకే.

కొన్ని ఇంజన్లలో ఆయిల్ తగ్గితే ఇంజన్‌ను ఆపేసే సెన్సార్ ఉంటుంది. ఎక్కువ భాగం అది సంప్‌లో తేలే బెండు. దిగువకు పడితే స్పార్క్‌ను ఆపుతుంది. స్టార్ట్ కాని జనరేటర్‌కు కార్బురేటర్ విప్పదీశాక అసలు కారణం ఆయిల్ తక్కువని తేలడం మామూలే. కానీ ఆ బెండుకు తెలిసేది మట్టం ఒక్కటే. ఆయిల్ మడ్డిగా మారినా, అందులో పెట్రోల్ కలిసినా అది నిశ్చింతగా తేలుతూనే ఉంటుంది.

వడపోత లేకపోతే

కొత్త ఇంజన్‌లో మొదటి కొన్ని గంటలు పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ, గేరు పళ్లు ఒకదానికొకటి సర్దుకుంటాయి. సర్దుకోవడమంటే సన్నటి లోహపు పొడి రాలడమే. ఫిల్టర్ ఉన్న ఇంజన్‌లో దానిలో కొంత కాగితానికి చిక్కుతుంది. ఫిల్టర్ లేని ఇంజన్‌లో అదంతా ఆయిల్‌తోపాటు బేరింగుల గుండా తిరుగుతూ ఉంటుంది. దాన్ని బయటికి పంపే దారి డ్రెయిన్ బోల్టు ఒక్కటే. అందుకే మొదటి మార్పు తొందరగా చేయమంటారు. కొందరు తయారీదారులకు అది 5 గంటలు, మరికొందరికి 20 గంటలు. ఆ తర్వాత 50 గంటలకో 100 గంటలకో ఒకసారి. మొదటి మార్పును ఎగ్గొట్టి తర్వాతివన్నీ వేళకు చేయడం తిరగేసిన పొదుపు.

మోటారు సైకిళ్లలో మధ్యే మార్గాలు కనిపిస్తాయి. చాలా చిన్న బైకుల్లో సంప్ దగ్గర ఒక జాలీ, క్రాంక్‌షాఫ్ట్ కొసన గిన్నెలాంటి తిరిగే ఫిల్టర్ ఉంటాయి. ఆయిల్ ఆ గిన్నెలోకి వచ్చినప్పుడు వేగానికి బరువైన రేణువులు గోడ వైపు విసిరేయబడి అక్కడే పేరుకుంటాయి. కాగితం లేదు, పూడుకుపోవడం లేదు. అయితే పేరుకున్న మడ్డిని తీయాలంటే పక్క కవర్ విప్పాలి. మామూలు ఆయిల్ మార్పులో ఎవరూ ఆ కవర్ జోలికి పోరు. కాగితపు ఫిల్టర్ ఉన్నచోట మరో సంగతి ఉంది. ఫిల్టర్ పూడుకుపోతే ఆయిల్ ఆగకుండా ఉండటానికి చాలా ఇంజన్లలో బైపాస్ వాల్వు పెడతారు. అది తెరుచుకున్నాక ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, వడకట్టని ఆయిల్‌తో. ఫిల్టర్ మూసుకుపోయిందని చెప్పే గుర్తు బయటికేమీ కనపడదు.

ఆయిల్‌లోకి మట్టి వచ్చే ప్రధాన మార్గం ఆయిల్ మూత కాదు, ఎయిర్ ఫిల్టర్. చిరిగిన లేదా సరిగా కూర్చోని ఎయిర్ ఫిల్టర్ గుండా దూరిన దుమ్ము సిలిండర్‌లోకి, అక్కడి నుంచి రింగుల పక్కగా సంప్‌లోకి దిగుతుంది. ఇసుక రేణువు ఇంజన్‌లోని లోహాల్లో చాలావాటికంటే గట్టిది. దుమ్ములో పనిచేసే యంత్రానికి ఖరీదైన ఆయిల్ పోసి ఎయిర్ ఫిల్టర్‌ను వదిలేయడంలో అర్థం లేదు.

100 గంటలంటే ఎంత దూరం

కారుకు 10,000 కిలోమీటర్లు, జనరేటర్‌కు 100 గంటలు అన్నప్పుడు రెండోది మరీ పిసినారిగా కనిపిస్తుంది. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగం అనుకుంటే కారు 10,000 కిలోమీటర్లు నడవడానికి 250 గంటలు పడుతుంది. 100 గంటలు అదే లెక్కన 4,000 కిలోమీటర్లు. చుట్ల లెక్క చూస్తే తేడా ఇంకా తగ్గుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఇచ్చే మామూలు చిన్న జనరేటర్ నిమిషానికి 3000 చుట్ల దగ్గర నిలకడగా తిరుగుతుంది కనుక 100 గంటల్లో 1.8 కోట్ల చుట్లు. కారు సగటు 2000 చుట్లు అనుకుంటే 250 గంటల్లో 3 కోట్లు.

చిన్న ఇంజన్‌లో ఆయిల్ తక్కువ కాబట్టి త్వరగా చెడుతుందని తరచూ చెబుతారు. అంకెలు ఆ మాటను పూర్తిగా సమర్థించవు. 160 సీసీ తరగతి ఇంజన్‌లో సుమారు 0.6 లీటర్ల ఆయిల్ పడుతుంది. అంటే ప్రతి 100 సీసీకి దాదాపు 370 మిల్లీలీటర్లు. 3.5 లీటర్ల ఆయిల్ పట్టే 1200 సీసీ కారులో ప్రతి 100 సీసీకి 290 మిల్లీలీటర్లే. సీసీల వాటాలో చిన్న ఇంజన్ లోటుగా లేదు. 100 సీసీ మోటారు సైకిల్‌కు ఏకంగా లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, కాకపోతే అదే ఆయిల్ గేర్లకూ క్లచ్‌కూ కూడా చాలాలి.

తేడా మరోచోట ఉంది. చదును రోడ్డు మీద నిలకడగా పోయే కారు తన శక్తిలో కొంత భాగమే వాడుతుంది. నీటి పంపు ఇంజన్ మొదలైన నిమిషం నుంచి ఆపేవరకు భారీ లోడు మీదే ఉంటుంది. కారులో నీరు, థర్మోస్టాట్ కలిసి ఉష్ణోగ్రతను ఒకచోట నిలబెడతాయి. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఆ నియంత్రణ లేదు. బయట ఎండ పెరిగితే ఆయిల్ వేడీ పెరుగుతుంది. సిలిండర్ రెక్కల మధ్య గడ్డిపరకలు, దుమ్ము ఇరుక్కుంటే ఇంకా పెరుగుతుంది. ఆయిల్ ఆక్సీకరణ వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో వాడే స్థూలమైన లెక్క. దానికి ఫిల్టర్ లేకపోవడం తోడైతే 100 గంటల గడువు పిసినారితనం కాదని తెలుస్తుంది. నిండు లోడు మీద, మండే ఎండలో పనిచేసే యంత్రానికి దాన్ని సగానికి తగ్గించమని కొన్ని పుస్తకాలు చెప్పడానికీ ఇదే కారణం.

నలుపు రంగు, తెలుపు నురగ

ఆయిల్ నల్లబడగానే చెడిపోయిందనుకోవడం సగం పొరపాటు. డిటర్జెంట్, డిస్పర్సెంట్ రకాల రసాయనాలు మసిని లోహానికి అంటకుండా ఆయిల్‌లోనే తేలేలా పట్టి ఉంచుతాయి. పని చేస్తున్న ఆయిల్ నల్లబడాలి. డీజిల్ ఇంజన్‌లోనైతే కొత్తగా పోసిన ఆయిల్ కొద్దిసేపట్లోనే నల్లగా మారుతుంది. పట్టించుకోవాల్సింది ఎంత నలుపని కాదు; ఈ రసాయనాలు ఖర్చయిపోయే గడువు ఎప్పుడని. అది కంటికి కనపడదు. గంటల లెక్క అవసరమైంది అందుకే.

కంటికి కనిపించే మార్పులు వేరే ఉన్నాయి. పాలు కలిపినట్టు తెల్లగా, మీగడలా కనిపిస్తే నీరు చేరింది. నీరు బయటి నుంచే రానక్కర్లేదు. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దానిలో స్వల్ప భాగం రింగుల పక్కగా క్రాంక్‌కేసులోకి జారుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి చాలాసేపు నడిస్తే ఆ ఆవిరి బ్రీదర్ (క్రాంక్‌కేసులోని గాలి బయటికి పోయే దారి) గుండా పోతుంది. వారానికి ఐదు నిమిషాలు మాత్రం నడిపి ఆపేసే జనరేటర్‌లో అది చల్లబడి సంప్‌లోనే మిగిలిపోయి, మండగా వచ్చిన ఆమ్లాలతో కలుస్తుంది. ‘100 గంటలు లేదా 6 నెలలు, ఏది ముందైతే అది’ అన్న షరతులో నెలల మాట వాడకం తక్కువ ఉన్న ఇంజన్ల కోసమే. ‘పది గంటలు కూడా నడవలేదు, ఆయిల్ కొత్తదే’ అన్న వాదన ఇక్కడ చెల్లదు.

డబ్బా మీది అంకెలు

ఇంజన్ ఆయిళ్ల చిక్కదనాన్ని గ్రేడులుగా విభజించే ఎస్‌ఏఈ జె300 ప్రమాణం ప్రకారం 30 గ్రేడు ఆయిల్‌కు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద స్నిగ్ధత (చిక్కదనం) 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు ఉండాలి. 40 గ్రేడుకు 12.5 నుంచి 16.3 లోపు. 10డబ్ల్యూ-30 కూడా వేడి మీద 30 గ్రేడు పరిధిలోనే ఉంటుంది. ముందున్న 10డబ్ల్యూ చెప్పేది చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందని. కాబట్టి 10డబ్ల్యూ-30 ‘పలుచటి ఆయిల్’ అన్న అభిప్రాయం వేడెక్కిన ఇంజన్‌కు వర్తించదు.

ఇలా రెండు అంకెలుండే మల్టీగ్రేడ్ ఆ గుణాన్ని సాధించేది చాలావరకు పలుచటి మూల ఆయిల్‌కు పాలిమర్లు కలిపి. గాలితో చల్లబడే వేడి ఇంజన్‌లో పలుచటి భాగం కొంత ఆవిరవుతుంది, పాలిమర్లు నలుగుతాయి. అందుకే 27 డిగ్రీలు దాటిన వాతావరణంలో 10డబ్ల్యూ-30 వాడితే ఆయిల్ ఖర్చు పెరగవచ్చని, 4 డిగ్రీల కన్నా చలిగా ఉంటే సింగిల్ గ్రేడ్ 30తో స్టార్టింగ్ కష్టమని కొన్ని పుస్తకాలు చెబుతాయి. ‘నలభై నంబరు’ సలహాకు మూలం వేడి ప్రాంతాల అనుభవమే కావచ్చు. చిమ్మి నడిచే ఇంజన్‌లో దాని నష్టం కూడా ఉంది. చిక్కటి ఆయిల్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సరిగా చిందదు, సన్నటి రంధ్రాల్లోకి ఆలస్యంగా చేరుతుంది. రాడ్ సందు అరిగి శబ్దం వస్తున్న ఇంజన్‌కు చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుంది, అరుగుదల తగ్గిందని కాదు.

డబ్బా మీద ఆయిల్ నాణ్యత స్థాయిని చెప్పే ఏపీఐ గుర్తులో ఎస్ శ్రేణి పెట్రోల్ ఇంజన్లకు, సి శ్రేణి డీజిల్ ఇంజన్లకు. 2020లో వచ్చిన ఎస్‌పీ వంటి కొత్త స్థాయి ఆయిల్‌ను, గ్రేడు సరిపోతే, పాత స్థాయి అయిన ఎస్‌జే అడిగిన జనరేటర్‌లో పోయవచ్చు. మోటారు సైకిల్ సంగతి వేరు. క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కనుక, రాపిడి తగ్గించే రసాయనాలున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. అందుకే ఇలాంటి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు చూడాలి. సింథటిక్ ఆయిల్ వేడిని బాగా తట్టుకుంటుంది, నిజమే. దుమ్మును, నీటిని, లోహపు పొడిని అది మాయం చేయలేదు. ఫిల్టర్ లేని ఇంజన్‌లో సింథటిక్ పోసి గడువు రెట్టింపు చేయడం ఆ ఆయిల్‌తో కాని పని.

మార్చేటప్పుడు చెడేవి

ఆయిల్ మార్పు తేలికైన పనే. అందులోనే కొన్ని ఇంజన్లు దెబ్బతింటాయి. ఇంజన్‌ను కొద్దిసేపు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే మడ్డి ఆయిల్‌తోపాటే వస్తుంది. చల్లారాక దించితే అడుగున మిగులుతుంది. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ప్లగ్ వైరు తీసేయడం భద్రత కోసం. డ్రెయిన్ బోల్టు లేక ఇంజన్‌ను వంచి ఆయిల్ తీయాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి. లేకపోతే ఆయిల్ వెళ్లి ఫిల్టర్‌ను నానబెడుతుంది.

డ్రెయిన్ బోల్టు ఉక్కుది, అది దిగే క్రాంక్‌కేసు అల్యూమినియంది. పొడవాటి స్పానర్‌తో ‘ఇంకొంచెం’ బిగించినప్పుడు ఓడిపోయేది అల్యూమినియం మరలే. కారకుండా ఆపేది బిగింపు బలం కాదు, కింద నలిగే వాషర్; దాన్ని మార్చాలి. స్పిన్-ఆన్ ఫిల్టర్ (డబ్బాలా తిప్పి బిగించే రకం) రబ్బరు రింగుకు కొత్త ఆయిల్ పూసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు వరకు చాలు. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజన్‌కే అంటుకుని మిగిలిపోతే, దాని మీద కొత్తది కూర్చుంటే, స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిలంతా నేల మీద ఉంటుంది. ఒక వైపు రంధ్రమున్న కాగితపు ఫిల్టర్‌ను తిరగేసి పెడితే అంతకన్నా ఘోరం; కొన్ని బైకుల్లో ఆయిల్ దారే మూసుకుపోతుంది.

డిప్‌స్టిక్‌తో మట్టం చూడటంలోనూ ఒక చిక్కుంది. కొందరు తయారీదారులు మరలు తిప్పకుండా ఊరికే ఆనించి చూడమంటారు, కొందరు పూర్తిగా బిగించి చూడమంటారు. రెండు పద్ధతుల మధ్య మరల ఎత్తంత తేడా ఉంటుంది. అరలీటరు సంప్‌లో అది చిన్న తేడా కాదు. ఏ పద్ధతో పుస్తకమే చెప్పాలి. యంత్రం సమతలం మీద ఉండటం మాత్రం అన్నింటికీ ఒకటే.

కిరోసిన్ పోసి ఇంజన్‌ను కడగడం పాత అలవాటు. సంప్ మూలల్లో మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది, ఊడిన మడ్డి సన్నటి దారుల్లో చిక్కుకునే వీలూ ఉంది. అంత మురికిగా ఉన్న ఇంజన్‌కు మామూలు ఆయిలే పోసి, కొద్ది గంటలకే మరోసారి మార్చడం నయం.

మట్టం దానంతటదే పెరిగితే

ఎవరూ పోయకుండా ఆయిల్ పెరగదు. పెరిగిందంటే అందులో కలిసింది చాలాసార్లు పెట్రోలే. కార్బురేటర్‌లోకి పెట్రోల్ రాకను ఆపే ఫ్లోట్ సూదికి మురికి అడ్డుపడి సరిగా మూసుకోకపోతే, పెట్రోల్ ట్యాప్ తెరిచి వదిలేస్తే, ట్యాంకులోని పెట్రోల్ రాత్రికి రాత్రి సిలిండర్‌లోకి, అక్కడి నుంచి రింగుల సందుల్లో సంప్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. అలాంటి ఇంజన్‌ను స్టార్ట్ చేయకూడదు. పలుచబడిన ఆయిల్ పొర నిలవదు, క్రాంక్‌కేసులో పెట్రోల్ ఆవిరి నిండి ఉంటుంది. ఆయిల్ మార్చి సూదిని వదిలేస్తే వారం తిరక్కుండా అదే సమస్య మళ్లీ వస్తుంది. వాడకం లేనప్పుడు ట్యాప్ కట్టేయడమే దీనికి ఖర్చు లేని నివారణ.

చేజేతులా ఎక్కువ పోసినప్పుడు లక్షణాలు వేరు. చెంచా ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది గనుక పొర బలం తగ్గుతుంది. బ్రీదర్ ఆ నురగను ఎయిర్ ఫిల్టర్ వైపు తోసేస్తుంది, నీలిరంగు పొగ మొదలవుతుంది. చాలామంది దీన్ని రింగులు పోయాయని అర్థం చేసుకుంటారు. బ్రీదర్ వాల్వు ఇరుక్కుపోయినా ఇంచుమించు ఇదే దృశ్యం: క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. కొత్త సీలు వేసినా కారుతూనే ఉంటే చూడాల్సింది బ్రీదర్‌ను.

రెండు స్ట్రోకుల ఇంజన్లకు ఈ చర్చ చాలావరకు వర్తించదు. వాటికి సంప్ లేదు. ఆయిల్ పెట్రోల్‌తో కలిసి వచ్చి మండిపోతుంది. అక్కడ సర్వీసింగ్ అంటే పాళ్లు సరిగా కలపడమే. 50:1 అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఆయిల్ అందుకు పనికిరాదు, శుభ్రంగా మండదు.

నిల్వకు ముందు

యంత్రాన్ని నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ఆయిల్‌ను పెట్టే ముందు మార్చాలా, తీసిన తర్వాతా అన్నది తరచూ వచ్చే సందేహం. వాడిన ఆయిల్‌లో నీరు, ఆమ్లాలు ఉంటాయి. అవి కదలకుండా ఉన్న క్రాంక్ పిన్నునూ బేరింగులనూ తింటాయి. కనుక పెట్టే ముందే మార్చి, కొత్త ఆయిల్ లోపలంతా పరుచుకునేలా కొద్ది నిమిషాలు నడపాలి. తిరిగి తీసినప్పుడు మట్టం, వాసన చూసుకుంటే చాలు.

దించిన ఆయిల్‌లో మసి, లోహాలు, మండగా మిగిలిన సమ్మేళనాలు ఉంటాయి. చర్మానికి పదేపదే తగలడం మంచిది కాదు. చేతి తొడుగులు అందుకే. దుమ్ము లేవకుండా నేల మీద చల్లడం, కలపకు చెద పట్టకుండా పూయడం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి, అవి నేరుగా మట్టిలోకీ నీటిలోకీ చేరే దారులు. వాడిన ఆయిల్‌ను శుద్ధి చేసి మళ్లీ మూల ఆయిల్‌గా మార్చవచ్చు. అయితే అందులో కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, పెట్రోల్ కలిస్తే శుద్ధి కష్టమవుతుంది కనుక దించిన ఆయిల్‌ను విడిగా, మూత ఉన్న డబ్బాలో ఉంచి సేకరించేవారికి ఇవ్వాలి.